బావ కుర్చీ, నా పానాల సంచి

ఉద్యోగంలో నేను చేసిన పని ఏమిటని ఎవరైనా అడిగితే, మా ఇంట్లోవాళ్లు "ఆయిల్ ఇంజిన్లు బాగుచేసేవాడు" అని చెప్తారు. అది రెండో పని. మొదటి పని మా బావను చూసి కుళ్లుకోవడం. ఆ పనికి నేను ఒక్కరోజు కూడా సెలవు పెట్టలేదు.

కొత్తగా ఉద్యోగాల్లో చేరుతున్న పిల్లలు నా దగ్గరికి వచ్చి, తిరిగే ఉద్యోగం మంచిదా, కూర్చునే ఉద్యోగం మంచిదా అని అడుగుతుంటారు. నేను సలహా చెప్పను. నాకు జరిగింది చెప్తాను. విన్నాక మీ ఇష్టం.

డెబ్బైల నాటి మాట. వరంగల్ స్టేషన్ రోడ్డులో, వ్యవసాయానికి వాడే ఆయిల్ ఇంజిన్లు అమ్మే కంపెనీ బ్రాంచి ఒకటి ఉండేది. అప్పటికి చాలా ఊళ్లలో పొలాల దాకా కరెంటు రాలేదు. బావి గట్టు మీద ఒక డీజిల్ ఇంజిన్, దానికొక పంపు, అదే రైతుకు దిక్కు. అమ్మిన ఇంజిన్ చెడిపోతే వెళ్లి బాగుచేసి రావడం కూడా కంపెనీ పనే. ఐటీఐ చదువు కాగానే నన్నూ మా బావనూ ఒకేరోజు ఆ బ్రాంచిలో తీసుకున్నారు. బావ అంటే వరసకు బావ. ఇద్దరిదీ వరంగల్ కాశిబుగ్గే, ఇద్దరివీ మగ్గాల ఇళ్లే. ఆ చుట్టరికం ఎటునుంచి ఎటు తిరిగి వచ్చిందో మా అమ్మకు తెలుసు, నాకు తెలియదు.

చేరిన రోజు మేనేజరు మమ్మల్ని ఎదురుగా నిలబెట్టి పైనుంచి కిందికి చూశాడు. బావ సన్నగా, దువ్విన తలతో, బడికి వచ్చిన పిల్లాడిలా ఉన్నాడు. నేను మా నాన్న పోలిక, వెడల్పు భుజాలు. "నువ్వు కూసో, నువ్వు తిరుగు" అన్నాడు మేనేజరు. అంతే. బావకు కుర్చీ, నాకు నట్లు బిగించే పానాల సంచి.

ఆ కుర్చీ గురించి చెప్పాలి. టేకు కుర్చీ. రెండు వైపులా చేతులు, నెత్తి మీద పంకా. బావ పెళ్లయ్యాక వాళ్లావిడ మిగిలిన నూలు కూరి, కుర్చీలో వేసుకునే మెత్త కూడా ఒకటి కుట్టి పంపింది. ఎండాకాలం నేను బస్సు దిగి, నూనె మరకల చొక్కాతో, కనుబొమ్మల నిండా దుమ్ముతో ఆఫీసులో అడుగుపెట్టేసరికి బావ ఆ మెత్త మీద కూర్చుని ఉండేవాడు. పొద్దున చేసిన ఇస్త్రీ మడత సాయంత్రానికి కూడా చెదిరేది కాదు. "ఏం బావా, బయట ఎండలు బాగ కొడ్తానయా?" అని అడిగేవాడు. ఎగతాళికి కాదు, నిజంగానే తెలియక అడిగేవాడు. అందుకే నాకు ఇంకా మండేది.

వచ్చినవాళ్లంతా అతన్ని "సారూ" అనేవారు. నన్ను "మేస్త్రీ" అనేవారు. ఇద్దరం ఒకే బెంచీ మీద కూర్చుని ఒకే పరీక్ష రాశాం. పైగా ఫిట్టింగ్‌లో అతనికంటే నాకే మార్కులు ఎక్కువ. ఈ సంగతి నేను అప్పట్లో అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెప్పేవాణ్ని.

ఇంట్లో మా నాన్న ఆ మంటను ఆరనిచ్చేవాడు కాదు. ఆయన బతుకంతా గుంతమగ్గంలో కాళ్లు దించుకుని నేసిన మనిషి. రాత్రి అన్నం దగ్గర మొదలుపెట్టేవాడు.

"నేనేమో గుంతల కూసున్న. నువ్వేమో బస్సుల నిలబడి పోతానవు. మనింట్ల కుర్సీల కూసునేటోడు ఎప్పుడు పుడ్తడో ఏమో."

"పుట్టిండు, పక్క గల్లీల" అనేవాణ్ని నేను.

ఇక బావ చేసే పని ఏమిటంటే, వినడం. రైతు చెడిపోయిన ఇంజిన్‌ను బస్సులో తేలేడు కదా, దాని చప్పుడును తెచ్చేవాడు. కౌంటర్ దగ్గర నిలబడి, తలపాగా సర్దుకుని, బుగ్గలు ఉబ్బించి నోటితో ఇంజిన్ నడిపేవాడు. "డుగ్గు డుగ్గు డుగ్గు... చస్! డుగ్గు డుగ్గు... చస్!" మీసాలు నెరిసిన పెద్దమనుషులు కూడా అట్లాగే చేసేవారు. మొదటిసారి చూసినప్పుడు నేను నవ్వు ఆపుకోలేక బయటికి పరుగెత్తాను. బావ నవ్వలేదు. కళ్లు మూసుకుని, "మళ్లొక్కసారి చెయ్యే" అన్నాడు. రైతు మళ్లీ చేశాడు. "మొదట్నించే గిట్ల కొడ్తాందా, వేడెక్కినంకనా?" అని అడిగాడు. "వేడెక్కినంకనే సారూ" అన్నాడు రైతు. బావ కళ్లు తెరిచి నా వైపు తిరిగి, ఏ సామాను సంచిలో వేసుకోవాలో చెప్పాడు. వెళ్లి చూస్తే సరిగ్గా అదే పోయింది.

ఈ వినికిడి మీదే నా కాళ్లు నడిచేవి. సంచిలో సరైన సామాను లేకపోతే మళ్లీ వరంగల్ రావాలి, మళ్లీ మర్నాడు బస్సెక్కాలి. ఈలోగా అక్కడ పొలం ఎండుతూ ఉంటుంది. రైతు మనల్నే చూస్తూ కూర్చుంటాడు. బావ చెవి వల్ల నాకా అవస్థ చాలాసార్లు తప్పింది. అందుకు కృతజ్ఞత ఉండాలి కదా. నాకు లేదు. ఎందుకంటే నేను చేతులు కాల్చుకుని, హ్యాండిల్ కొట్టి ఇంజిన్‌ను లేపేసరికి గట్టు మీద ఎవరో ఒకరు అనేవారు: "కుర్సీ సారు ఊరు కదలకుంటనే చెప్పిండట గద, ఏం తెలివిరా అయ్యా!" చెమట నాది, పేరు అతనిది. అట్లాంటి రోజు తిరుగు బస్సులో కిటికీ పక్కన సీటు దొరికినా నాకు గాలి ఆడేది కాదు.

నా పేరు కూడా తలుచుకునే చోటు ఒక్కటి ఉండేది. వర్ధన్నపేట దాటాక ఒక ఊళ్లో ఒక అవ్వ సొంతంగా వ్యవసాయం చేయించేది. కూలోళ్లను, ఎడ్లను, ఇంజిన్‌ను ఒకే గొంతుతో తిట్టేది. చూపు సరిగా ఆనదు. అయినా ఇంజిన్ చుట్టూ తిరుగుతూ దానికి బొట్లు పెట్టేది. ఆమె దగ్గర ఒక పద్ధతి ఉండేది. బాగుచేసిన ఇంజిన్ మొదటిసారి నీళ్లు పోసినప్పుడు ఆ నీళ్లను మడికి పోనిచ్చేది కాదు. "ఆగుండ్రి, ముందుగాల తెచ్చినోడు కాళ్లు కడుక్కోవాలె" అని అందర్నీ పక్కకు నెట్టేది. నేను పైపు కింద కాళ్లు పెట్టి, మొహం కడుక్కుని, ఒక దోసెడు తాగాకే కాలువకు గండి కొట్టేవారు. తర్వాత వేప చెట్టు కింద కూర్చోబెట్టి అన్నం, పచ్చిపులుసు పెట్టేది. వద్దన్నకొద్దీ పెట్టేది. నేను వద్దనేవాణ్ని కాదు.

ఎనభైలు వచ్చాక, అప్పటిదాకా నోటిమాట మీద నడిచిన మా ఏర్పాటును ఖాయం చెయ్యమని పెద్దాఫీసు నుంచి ఆర్డరు దిగింది. ఇకమీదట సర్వీసు పని చూసేందుకు ఆఫీసులో ఒకరిని పర్మినెంటుగా కూర్చోబెట్టాలి, ఫీల్డులో ఒకరిని పర్మినెంటుగా తిప్పాలి. మేనేజరు నన్ను పిలిచాడు.

"ఏమయ్యా, ఇన్నేండ్లు తిరిగినవు. ముందుగాల నిన్నే అడుగుతాన్న. కుర్సీ కావాల్నా, సంచి కావాల్నా? ఒక్కపారి చెప్పినంక మళ్ల మారుసుడు ఉండది."

నా నోట్లోంచి కుర్చీ అనే మాట సగం వచ్చేసింది. ఆయనే చెయ్యి అడ్డం పెట్టాడు. "తొందరపడకు. ఒక వారం ఇద్దరు పనులు మార్సుకోండ్రి. ఆ తర్వాత చెప్పు."

బయటికి వచ్చి బావతో చెప్పాను. ఏడుస్తాడనుకున్నాను. కనీసం మొహం మాడ్చుకుంటాడనుకున్నాను. అతను లేచి నిలబడి, "నిజంగనా? రేపట్నించేనా?" అన్నాడు. అప్పుడే సంచి తీసుకుని పానాలు ఒక్కొక్కటీ బయటపెట్టి చూసుకోవడం మొదలుపెట్టాడు. ఇన్నేళ్లు నేను ఏ కుర్చీ కోసం కుమిలిపోయానో, దాన్ని అతను ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. వాడు ఎందుకంత సంతోషపడ్డాడు? నాకు కనపడనిది ఏదో ఆ సంచిలో ఉందా? ఉంటే ఇన్నేళ్లూ నాకు చెప్పలేదేం?

మర్నాడు తెల్లచొక్కా వేసుకుని కుర్చీలో కూర్చున్నాను. పంకా గాలి, టీ, "సారూ" అనే పిలుపు, అన్నీ అనుకున్నట్టే ఉన్నాయి. మధ్యాహ్నం తల ఎత్తి చూస్తే రోడ్డు అవతల మా నాన్న నిలబడి ఉన్నాడు. లోపలికి రమ్మని చెయ్యి ఊపాను. రాలేదు. చాలాసేపు చూసి, తువ్వాలు భుజాన వేసుకుని నడిచి వెళ్లిపోయాడు. రాత్రి అన్నం దగ్గర, "మంచిగనే ఉన్నది" అని ఒక్కమాట అన్నాడు. ఆ మాటతో నాకు కుర్చీ ఖాయమైపోయిందనిపించింది.

అసలు పని మాత్రం మరోలా నడిచింది. మరిపెడ వైపు నుంచి ఒక మిరప రైతు వచ్చి, బుగ్గలు ఉబ్బించి చప్పుడు చేశాడు. నేను బావలాగే కళ్లు మూసుకున్నాను. ఏమీ కనపడలేదు, ఏమీ వినపడలేదు. "మళ్లొక్కసారి చెయ్యే" అన్నాను. చేశాడు. ఇంకోసారి అన్నాను. పాపం, ఆయనకు ఆయాసం వచ్చింది. ఇంజిన్ ముందుంటే చెయ్యి ఆనించి చెప్పేవాణ్ని. మనిషి బుగ్గ మీద చెయ్యి ఆనించలేను కదా. చివరికి డీజిల్ చిమ్మే నాజిల్ పోయిందని తేల్చి, బావ సంచిలో నాజిల్ వేసి పంపాను. పోయింది నాజిల్ కాదట, ఇంజిన్ పైమూత హెడ్ కింద ఉండే ప్యాకింగ్ అట. బావ సాయంత్రం ఉత్తచేతులతో తిరిగొచ్చి, మర్నాడు మళ్లీ అంత దూరం వెళ్లాడు. మేనేజరు నా బల్ల దగ్గర ఆగి, "చెవులు ఇంట్ల మర్చిపోయి వస్తానవా?" అని అడిగి పోయాడు.

అంత తిరుగుడు తిరిగినా బావ నన్ను ఒక్కమాట అనలేదు. అనేంత తీరిక అతనికి లేదు. ఇంజిన్ తిప్పే హ్యాండిల్ ఎదురుతన్ని కుడి మణికట్టు వాచింది. చొక్కా జేబు చిరిగింది. మొహం మాత్రం దీపం పెట్టినట్టు ఉంది. "బావా, మరిపెడ కాడ తాటిముంజలు పెట్టిండ్రు... బావా, కల్లు పోసిండ్రు, వద్దంటే కొట్టేటట్టే ఉన్నరు... బావా, నీళ్లు పడంగనే అంతమంది ఒక్కపారే ఓ అని ఒర్రుతరు, నువ్వెన్నడు చెప్పలే!" అని ఒకటే ముచ్చట. నేను కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకుని వింటూ కూర్చున్నాను.

ఆ తర్వాత అన్నాడు: "వర్ధన్నపేట అవతల నీ అవ్వ ఉన్నది గద, ఆమె పక్క పొలానికి పోయిన. నన్ను గూడ పిలిచి కాళ్లు కడుక్కొమ్మన్నది. అన్నం పెట్టింది. పచ్చిపులుసు ఏం రుచి బావా!"

దానితో నా లోపల ఏదో పుటుక్కుమంది. కుర్చీ తీసుకుంటే ఎండ పోతుందని తెలుసు, దుమ్ము పోతుందని తెలుసు. ఆ పచ్చిపులుసు కూడా పోతుందని నేను లెక్కలోకి తీసుకోలేదు. అది సంచికి పెట్టిన అన్నమా, నాకు పెట్టిన అన్నమా? సంచి ఎవరు మోస్తే వాళ్లకు పెట్టేదైతే, ఇన్నేళ్లు ఆ చెట్టు కింద నేను ఎవరిని? ఆ రోజు నాకు బావ మీద వచ్చినంత కుళ్లు అంతకు ముందెప్పుడూ రాలేదు. అతను కుర్చీలో ఉన్నప్పుడు కుర్చీ కావాలనిపించింది. పొలాల్లో తిరుగుతుంటే పొలాలు కావాలనిపిస్తున్నాయి. ఈ లెక్కన అతను జైల్లో ఉన్నా నాకు ఆ జైలు మీద మనసు పోయేదేమో!

వారం ముగిసే రోజు వచ్చింది. మేనేజరుకు సాయంత్రం జవాబు చెప్పాలి. మా నాన్న పొద్దున్నే నా చొక్కా తానే ఇస్త్రీకి ఇచ్చి తెచ్చాడు. బావ దగ్గరలోనే ఏదో ఊరికి వెళ్లాడు. నేను కుర్చీలో కూర్చుని, నాకు ఇదే కావాలి, ఇదే కావాలి అని లోలోపల అనుకుంటున్నాను.

అప్పుడు ఎర్రటి ఎండలోంచి అవ్వ లోపలికి వచ్చింది. ఎప్పుడూ ఊరు దాటని మనిషి బస్సెక్కి వచ్చిందంటే ఇంజిన్ ఆగిపోయి ఉండాలి. ఎండలోంచి నీడలోకి వచ్చేసరికి ఆమెకు ఏమీ ఆనడం లేదు. కౌంటర్ అంచును తడుముకుని పట్టుకుని, రెండు చేతులూ జోడించింది.

"సారూ, దండాలు."

నన్ను "ఓ పిలగా, ఓ తిండిపోతా" అని పిలిచే మనిషి దండం పెడుతోంది. బావ చేసినట్టే తల ఊపి, గోడ పక్క బెంచీ వైపు చెయ్యి చూపించాను. ఆమె కూర్చోలేదు. బుగ్గలు లోపలికి పోయిన ఆ నోటితో ఇంజిన్ నడిపింది. "డుబ్బు... డుబ్బు... డు... డుబ్బు... గుటుక్." చేసి, చీర కొంగుతో మూతి తుడుచుకుంది.

"గిట్ల సచ్చిపోతాంది సారూ. వరి పొట్టకొచ్చింది. ఇయ్యాల నీళ్లు పడకపోతె నా ఏడాది కష్టం గడ్డిపాలే. జర మా మేస్త్రిని తోలుండ్రి."

మా మేస్త్రి. అంటే బావే. వారంలో ఆమెను కూడా తనవైపు తిప్పేసుకున్నాడు. నాకు చెవులు వేడెక్కాయి. గొంతు మార్చి, "మొన్నొచ్చినాయనేనా?" అన్నాను.

"ఆయన గాదు సారూ. ఆయన మంచోడే, బుక్కెడు తిని చాలంటడు. గసొంటోనికి పెడ్తె పెట్టినట్టే ఉండది. మావోడు వేరే. నల్లగ, గోడ లెక్క ఉంటడు. ఎన్నడు నూనె అంగే. రెండుపార్లు పెట్టినా కుండ దిక్కు చూస్తడు. వాడు హ్యాండిల్ పట్టుకుంటె ఇంజిన్ భయపడి నడుస్తది. వాణ్ని తోలు సారూ, నీ కాళ్లు మొక్కుత."

ఆ కుర్చీలో కూర్చుని, తెల్లచొక్కా వేసుకుని, నేను ఆ నల్లటివాణ్ని చూసి కుళ్లుకున్నాను. ఒట్టు. ఆ నూనె అంగీవాడి కోసం ఒక ముసలామె బస్సెక్కి వచ్చింది. నాకు దండం పెట్టి వాణ్ని పంపమంటోంది. వాడిముందు ఈ సారెంత? బావ మీద కూడా అంత కుళ్లు నాకెప్పుడూ రాలేదు.

కుర్చీ వెనక్కి జరిపి లేచాను. "అవ్వా" అన్నాను నా గొంతుతో.

ఆమె కళ్లు చికిలించి కౌంటర్ మీదికి వంగింది. "ఓ నీ పాడుగాను! నువ్వా? గీ ఏషమేందిరా?"

అదే సమయానికి బావ లోపలికి వచ్చాడు. అవ్వ అతని కోసం చప్పుడు మళ్లీ చేసింది. అతను భుజం మీది సంచి దించకుండానే కళ్లు మూసుకుని విన్నాడు. "డీజిల్ పైపు అతుకుల కాడ గాలి దూరుతాంది. రాగి వాషర్లు పట్టుకపో" అన్నాడు. పట్టుకపో అన్నాడు, పట్టుకపోతా అనలేదు. నా మొహంలో ఏం కనిపించిందో మరి.

"బావా, కుర్సీ నీదే" అన్నాను.

అతను వాచిన చేత్తో సంచి తాడును గట్టిగా పట్టుకున్నాడు. "గీ వారం నేను సంబురపడ్డది నీ కండ్ల పడ్డది గద" అన్నాడు.

"పడ్డది."

"పడ్డంకనే గుంజుకుంటానవు."

"ఔ" అన్నాను. అబద్ధం చెప్పి లాభం లేదు.

అతను సంచి దించి నా చేతికి ఇచ్చాడు. వెళ్లి కుర్చీలో కూర్చున్నాడు, మెత్త సర్దుకోలేదు. నేను అవ్వతో గుమ్మం దాటుతుంటే వెనకనుంచి పిలిచాడు.

"బావా, ఒక్క పని చెయ్యి. ఇంజిన్ నడిచినంక ఎట్ల కొడ్తాందో జర మంచిగ విని రా. వచ్చి నాకు చేసి చూపెట్టు. ఇన్నేండ్లసంది అందరు చెడిపోయినయే తెచ్చి వినిపిస్తాన్రు. మంచిగైనది ఎట్లుంటదో ఎవ్వలు చేసి చూపియ్యలే."

ఆ మధ్యాహ్నమే అవ్వ బావి నీళ్లు పోసింది. తెల్లచొక్కా నూనె అంగీ అయింది. కాళ్లు కడుక్కున్నాను, రెండుసార్లు పెట్టించుకున్నాను, కుండ వైపు చూశాను. సాయంత్రం బ్రాంచికి వచ్చి, మేనేజరుకు సంచే కావాలని చెప్పి, రైతులు నిలబడే చోట నిలబడ్డాను. మేనేజరు చూస్తున్నాడు. అయినా సిగ్గుపడకుండా బుగ్గలు ఉబ్బించి ఇంజిన్ నడిపాను. నడుస్తుండగా నీళ్లు పైపులోంచి దూకే చప్పుడు, కాలువలో పారే చప్పుడు కూడా చేశాను. బావ కళ్లు మూసుకుని విన్నాడు. మూసిన కళ్ల కిందనుంచి నవ్వు మెల్లగా మొహమంతా పాకింది. నాకు ఆ ఒక్క నిమిషం అతనిమీద ఏ కుళ్లూ లేదు.

తర్వాత అతను కళ్లు తెరవకుండానే అన్నాడు: "నడుమ ఒక దెబ్బ జర ఎన్కకు పడ్తాంది. వాల్వు చూసినవా?"

చూడలేదు. మర్నాడు మళ్లీ బస్సెక్కి వర్ధన్నపేట వెళ్లాను. దారి పొడుగునా అతన్ని తిట్టుకుంటూనే వెళ్లాను. వాల్వు బిగింపు నిజంగానే వదులైంది. అది సరిచేశాను. అవ్వ మళ్లీ కాళ్లు కడుక్కోమంది, మళ్లీ అన్నం పెట్టింది. ఆ రోజు నుంచి ఇద్దరం రిటైరయ్యేదాకా, బాగైన ప్రతి ఇంజిన్ చప్పుడునూ నేను అతని ముందు నిలబడి చేసి చూపించాను. అతని చెవి పుణ్యాన ఆ రెండో రోజు తిన్న అన్నం సంగతి మాత్రం ఇవాళ్టికీ అతనికి చెప్పలేదు.